గాలికి దారిచ్చిన క్రీస్తుదాసు

క్రీస్తుదాసు తన జీవితంలో ఒకే ఒక్కసారి గాల్లో ఎగిరాడు. విమానంలో కాదు, శామియానాతో.

అప్పుడతనికి ఇరవై ఆరేళ్లు. ఎర్రగడ్డలో ఒక టెంటు హౌసులో పనిచేసేవాడు. మే నెలలో ఒక పెళ్లి. పందిట్లో వడ్డనలు సాగుతుండగా ఉన్నట్టుండి దుమ్ము లేచింది. శామియానా పొట్ట ఉబ్బించుకుని పైకి లేవబోయింది. "పట్టుకోరా దాసూ!" అని యజమాని కేకవేశాడు. యజమాని మాట జవదాటే అలవాటు లేని దాసు, మూల తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని పట్టుకున్నాడు. అతను తాడును పట్టుకున్న దానికన్నా గట్టిగా తాడు అతన్ని పట్టుకుంది. పెళ్లివారంతా విస్తళ్ల ముందు కూర్చుని చూస్తుండగా నేల విడిచి, గాడిపొయ్యి మీదుగా సాగి, ప్రహరీ గోడ దాటి, పక్కింటివాళ్లు పోయించుకున్న ఇసుక కుప్ప మీద దిగాడు. మణికట్టు విరిగింది. పెళ్లికొడుకు కన్నా ముందే ఊరేగింపు అయిపోయిందని జనం నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి ఎర్రగడ్డలో అతని పేరు గాలి దాసు.

చేతికి కట్టుతో నలభై రోజులు మంచం మీద పడుకుని దాసు ఒకటే ఆలోచించాడు. నాలుగు గజాల గుడ్డకు నిలువెత్తు మనిషిని గోడ దాటించే బలం ఎక్కడినుంచి వచ్చింది? మంచం దిగేసరికి అతనికి రెండు సంగతులు తెలిసొచ్చాయి. గాలికి అడ్డం పడిన గుడ్డను ఏ మనిషీ పట్టి ఆపలేడు. పట్టుకోవలసి వచ్చినప్పుడు తాడును చేతికి చుట్టుకోకూడదు.

ఇప్పుడతనికి యాభై రెండేళ్లు. శామియానాలు వదిలేసి చాలాకాలమైంది. వానాకాలంలో కడుతున్న భవనాల చుట్టూ, పైనా టార్పాలిన్లు కప్పి, లోపల పని ఆగకుండా చూడటం అతని వృత్తి. టార్పాలిన్‌ను పనివాళ్లు తాడిపత్రి అంటారు. పంజాగుట్ట నుంచి మధురానగర్ దాకా ఏ మేస్త్రీని అడిగినా "తాడిపత్రి కట్టుడంటే దాసన్ననే" అని చెప్తాడు. ఆ వెంటనే, "కాకపోతే మనిషి జర చాదస్తం" అని కూడా కలుపుతాడు.

ఆ ఏడు జూన్‌లో అతన్ని మధురానగర్ సందులో ఒక ఆరంతస్తుల కట్టడానికి పిలిచారు. అది ఆడపిల్లల హాస్టల్. యజమానురాలు సీతామహాలక్ష్మిగారిది ఏలూరు వైపు. అమీర్‌పేటలో అప్పటికే రెండు హాస్టళ్లు నడుపుతున్న మనిషి. దసరా దాటగానే కోచింగ్ సెంటర్లలో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి కాబట్టి అప్పటికి ఇది తెరవాలని ఆవిడ పట్టుదల. వానలు ఆవిడను అడిగి కురవవు. అందుకే నాలుగువైపులా పరంజా వేసి, దానికి టార్పాలిన్లు కట్టి, వాటి చాటున బయటిగోడల ప్లాస్టరింగ్ కానిద్దామనుకున్నారు.

సైటు ఇంజనీరు అనుదీప్‌కు ఇరవై ఏడేళ్లు. మంచివాడు, తొందర మనిషి.

"ఏముందన్నా, బిల్డింగ్‌కు రెయిన్‌కోటు తొడుగుతున్నం. రెండు రోజుల పని" అన్నాడు మొదటిరోజు.

"రెయిన్‌కోటు కాదు సార్, తెరచాప" అన్నాడు దాసు. "పడవకైతే పోనీకె కడ్తరు. మన బిల్డింగ్ ఏడికీ పోవద్దు గదా."

ఉత్త పరంజా అయితే కర్రల మధ్యనుంచి గాలి పోతుంది. దానికి గుడ్డ చుట్టామా, గాలి మొత్తం దాని మీదే పడుతుంది. అందుకని ప్రతి అంతస్తు దగ్గరా పరంజాను గోడకు బోల్టులతో బిగించాలన్నాడు దాసు. అనుదీప్ వేసిన బోల్టుల లెక్కకు అది రెట్టింపు. పై కప్పు ఏటవాలుగా ఉండాలన్నాడు. టార్పాలిన్ల అంచులకు జారుముళ్లే వేయాలని, ఆ తాళ్ల కొసలు నేల దాకా దించాలని, గాలి లేస్తే పైకెక్కకుండా కిందినుంచే లాగి విప్పాలని చెప్పాడు. మెళ్లో ఒక ఈల వేలాడదీసుకున్నాడు. ఒక ఈల వేస్తే పని ఆపాలి, రెండు ఈలలు వేస్తే చేతిలో తాపీ ఉన్నా పారేసి కిందికి దిగాలి.

మేస్త్రీ బుచ్చయ్య నడుం మీద చేతులు పెట్టుకుని ఆ తాళ్లన్నీ చూశాడు. అతను ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడిన దాఖలా లేదు.

"ముప్పై ఏండ్ల సంది గోడలు కడ్తున్న. ఇన్ని తాళ్లు ఎన్నడు చూడలె. ఇది హాస్టలా, మోకుల దుకాణమా?"

అనుదీప్‌కు దాసు చాదస్తం మీద మొదటి నమ్మకం జూలైలో కుదిరింది. అది నెత్తిమీద పడి కుదిరింది.

రాత్రంతా వాన కురిసిన ఒక పొద్దున పైకి వెళ్లి చూస్తే, పై టార్పాలిన్ ఒకచోట నిండు చూలాలి పొట్టలా కిందికి దిగి ఉంది. ఎవరో డ్రమ్ము పెట్టుకోవడానికి అక్కడి కర్ర ఒకటి పక్కకు జరిపారు. వాలు పోయి నీళ్లు నిలిచాయి. అనుదీప్ ఒక కర్ర అందుకుని దాని కిందికి నడిచాడు.

"సార్, కింద నిలవడకుండ్రి. పక్క తాడు మెల్లగ ఒదులుదాం, నీళ్లే జారిపోతయ్."

"రెండు బకెట్ల నీళ్లకు తాడెందుకన్నా?" అంటూ అనుదీప్ కర్రతో ఒక్క పోటు పొడిచాడు.

రెండు బకెట్లు కాదని వెంటనే తెలిసింది. నీళ్లు అతన్ని నిలబడ్డ చోటునుంచి మెట్ల దాకా తోసుకెళ్లి కూర్చోబెట్టాయి. ఒక బూటు మూడో అంతస్తులో దొరికింది. చేతిలో ఉన్న ఆ రోజు పనుల కాగితం గోడకు అతుక్కుపోయింది. బుచ్చయ్య పనివాళ్లు నవ్వాలో వద్దో తెలియక ఇటుకల వైపు తిరిగి నిలబడ్డారు.

దాసు మాత్రం నవ్వలేదు. విరిగి వేలాడుతున్న ఒక అడ్డకర్రను చూపించాడు. "నీళ్లు తడిపినయ్, పోయినయ్. గీ కట్టె నెత్తి మీద వడి ఉంటే మీ అమ్మకు నేనేం చెప్పాలె?"

అనుదీప్ జుట్టు పిండుకుంటూ, "ఇగ నువ్వు ఎట్ల చెప్తె అట్లనే అన్నా" అన్నాడు.

బుచ్చయ్య దారికి రావడానికి ఇంకో నెల పట్టింది. ఆగస్టులో నాలుగు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. గోడలు ఆరడం లేదు. లోపల చీకటి. దాసు వేరే సైటుకు వెళ్లిన సమయం చూసి, బుచ్చయ్య చిన్న జనరేటరును మూడో అంతస్తు పరంజా పక్కకు ఎక్కించి, తడవకుండా నాలుగువైపులా తెరలు దించి, పెద్ద లైట్లు వేయించాడు. దాసు తిరిగొచ్చి, బయట టీ తాగి గ్లాసు కింద పెడుతుండగా లోపలినుంచి జనరేటరు చప్పుడుతో కలిసి పాట వినపడింది. పాడుతున్నది బుచ్చయ్య!

"మేస్త్రీ పాడుతుండు!" అని బయట ఉన్న కూలీలు మురిసిపోయారు. దాసు ఈల అందుకున్నాడు. నవ్వని మనిషి నవ్వుతూ పాడుతున్నాడంటే అది సంతోషం అయ్యుండదు. రెండు ఈలలు వేసి, ముందు కిందినుంచే తెరల తాళ్లన్నీ లాగేశాడు. గాలి ఆడాక పైకి పరుగెత్తి జనరేటరు ఆపాడు. లోపల బుచ్చయ్య ఒక సిమెంటు బస్తాను కౌగిలించుకుని "బావా" అని పిలుస్తున్నాడు. ఇద్దరు కూలీలు తల పట్టుకుని కూర్చుని ఉన్నారు. ముగ్గుర్నీ దింపి, ఆరుబయట కూర్చోబెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంకో అరగంట ఉంటే పాట ఆగేది, మళ్లీ మొదలయ్యేది కాదని డాక్టరు చెప్పాడు. ఆ పొగలో ఉండే విషవాయువుకు వాసన ఉండదట, మత్తు మాత్రమే ఉంటుందట.

మర్నాడు బుచ్చయ్య పనివాళ్లను వరసగా నిలబెట్టి, "తాడిపత్రి లోపల జనరేటరొద్దు, కుంపటొద్దు, బీడీ సుత వద్దు. ముట్టిచ్చినోని చేతుల తాపీ గుంజుకుంట" అని చెప్పాడు. తర్వాత దాసును పక్కకు పిలిచి, "నేను పాడిన్నంట, నిజమేనా?" అని అడిగాడు.

"మంచిగనే పాడినవ్ మేస్త్రీ."

"ఎవలకు చెప్పకు."

అప్పటికే మధురానగర్ అంతా తెలుసు.

ఇక మిగిలింది సీతామహాలక్ష్మిగారు. సెప్టెంబరులో ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది. రోడ్డుకు ఎదురుగా, పడమటి వైపు, ఆరంతస్తుల ఎత్తున అంత నీలిరంగు టార్పాలిన్ ఊరికే వేలాడుతోంది. దాని మీద ఒక ఫ్లెక్సీ కడితే?

"దాని మీద ఏం కట్టొద్దు మేడం" అన్నాడు దాసు. "తాడిపత్రికి అక్కడక్కడ గాలి పోయేటట్టు సందులు ఒదిలిన. ఫ్లెక్సీ అన్నింటిని మూసేస్తది. అవసరమొస్తే ఇప్పనీకె రాదు."

"ఏంటయ్యా దాసూ, పెళ్లిపందిరికి బ్యానర్లు కట్టరా? చిన్నదేలే."

"చిన్నదైనా వద్దు మేడం."

ఆవిడ అప్పటికి ఊరుకుంది. దాసు ఒప్పించాననుకున్నాడు. ఆవిడ మాత్రం, ఇతను లేని సమయం చూసుకుంటే సరిపోతుందనుకుంది.

దాసు లేని సమయం ఆదివారం. భార్య మగ్దలీనమ్మతో కలిసి పంజాగుట్టలో చర్చికి వెళ్తాడు. ఆ ఆదివారం మామూలుది కాదు. పాటల బృందంలో పద్దెనిమిదేళ్లుగా వెనక వరసలో నిలబడుతున్న దాసుకు, మొట్టమొదటిసారి రెండో చరణం ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. రెండు నెలలుగా బాత్రూములో సాధన చేస్తున్నాడు. వాళ్ల వాడకట్టులో చిన్నపిల్లలకు కూడా మొదటి చరణం రాదు గాని రెండో చరణం వచ్చు.

ఎర్రగడ్డలో మెట్రో ఎక్కారు. దాసు తెల్లచొక్కా, మగ్దలీనమ్మ పట్టుచీర. అమీర్‌పేట దగ్గరపడుతుండగా కిటికీలోంచి బయటికి చూసిన దాసు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. మేడల పైనుంచి, మూడంతస్తుల ఎత్తున, సీతామహాలక్ష్మిగారు రెండు చేతులూ జోడించి నవ్వుతోంది. కింద "ఇంటిని మరిపించే హాస్టల్, అడ్మిషన్లు ప్రారంభం" అని, ఒక్కో అంకె మనిషంత పొడవున ఫోన్ నంబరు.

"ఏమైందయ్యా?" అంది మగ్దలీనమ్మ.

"మేడం నవ్వుతుంది."

"నవ్వనియ్యి. నీకేమైంది?"

"నా తాడిపత్రి మీద నవ్వుతుందే!"

వెంటనే అనుదీప్‌కు ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రం దాసు వెళ్లిపోయాక మేడం మనుషులొచ్చి కట్టిపోయారట. పని ఆలస్యమైందని ఆదివారం కూడా ఏడుగురు తూర్పు గోడ మీద ఉన్నారట.

"అందర్ని దింపు సార్."

"ఎండ కొడ్తుందన్నా! ఆకు సుత కదుల్తలేదు. రేపు తీపిద్దాం, నువ్వు పోయి మంచిగ పాడు."

ఆకాశం నిజంగానే తేటగా ఉంది. మగ్దలీనమ్మ అతని మోచెయ్యి పట్టుకుని పంజాగుట్టలో దించింది.

చర్చిలో దాసు కళ్లు పాటల పుస్తకం మీద లేవు, కిటికీ తెర మీద ఉన్నాయి. మొదటి చరణం అయ్యేసరికి తెర అంచు కాస్త కదిలింది. బయట వెలుతురు పసుపురంగుకు మారింది. పాస్టరుగారు అతని వైపు చూసి తల ఊపారు. దాసు ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచాడు. అప్పుడే పడమటి తలుపు ధడాలున కొట్టుకుంది. తెర ఉబ్బి పైకప్పు దాకా లేచింది.

రెండు నెలలు సాధన చేసిన చరణంలోంచి ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు. "అయ్యగారూ, మాఫ్ చేయుండ్రి, ఏడుగురున్నరు" అని మాత్రం మైకులో వినపడింది. ఆ మాట ఏ చరణంలో ఉందో తెలియక కొందరు పుస్తకాలు తిరగేశారు. దాసు మెట్లు దిగి పరుగెత్తాడు. వెనకే చెప్పులు చేతబట్టుకుని మగ్దలీనమ్మ.

"పద్దెనిమిదేండ్లకు ఒక చరణమిచ్చిండ్రు! దాన్ని సుత గాలి పాలు జేసినవ్!" అని రైలెక్కేదాకా తిడుతూనే ఉంది. రైలెక్కాక అతను కిటికీ వదలకుండా ఆకాశం వైపే చూస్తుంటే, ఆమె కూడా అటే చూసింది.

వాళ్లు సందు మలుపు తిరిగేసరికి దుమ్ము కళ్లలో కొడుతోంది. సీతామహాలక్ష్మిగారి ముఖం ఉబ్బుతోంది, లోపలికి పోతోంది, మళ్లీ ఉబ్బుతోంది. దాసు మాటను ఆలస్యంగానైనా గుర్తుచేసుకున్న అనుదీప్ నలుగురిని దించగలిగాడు. బుచ్చయ్య, ఇంకో ఇద్దరు నాలుగో అంతస్తులోనే ఉన్నారు. కలిపిన సిమెంటు గట్టిపడుతుందని బుచ్చయ్య దిగడం లేదు. దాసు రెండు ఈలలు వేశాడు. ఆ గాలి హోరులో ఈల ఎవరికి వినిపిస్తుంది?

అప్పుడు మగ్దలీనమ్మ చెప్పులు కింద పడేసి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది.

"ఓ బుచ్చయ్యా! గోడ మళ్ల కట్టుకుంటవ్ గని, నీ పెండ్లాం మొగుణ్ణి ఎక్కడ తెచ్చుకుంటదిరా? దిగు!"

ముగ్గురూ దిగారు. బుచ్చయ్య తాపీ పైనే ఉండిపోయింది.

దాసు ముందు జనం సంగతి చూశాడు. సందుకు అటొకర్ని ఇటొకర్ని నిలబెట్టి ఆటోలు ఆపించాడు. కోచింగ్ నుంచి వస్తున్న పిల్లల్ని షట్టర్ల లోపలికి తోలించాడు. తర్వాత నేలదాకా దించి ఉంచిన తాళ్లను ఒక్కొక్కటే లాగాడు. ఉత్తరం వైపు తెర విడింది, దక్షిణం, తూర్పు వైపులవీ విడాయి. తెరలు జెండాల్లా టపటప కొట్టుకున్నాయి గానీ, పరంజా మూలుగు తగ్గింది. గాలి ఒకవైపు దూరి ఇంకోవైపు పోతోంది. విడనిది పడమటి వైపు ఒక్కటే. దాన్ని మేడం మనుషులు ఫ్లెక్సీతో కలిపి ఇనుపతీగలతో మెలితిప్పారు.

ఆ సమయంలో సీతామహాలక్ష్మిగారు కారు దిగింది. ఆవిడ వచ్చింది ఫ్లెక్సీతో ఫోటో దిగడానికి.

"అయ్యో, నా ఫ్లెక్సీ! ఎవరైనా ఎక్కి కోసుకు రండయ్యా, చూస్తారేంటి?"

ఒక కుర్ర మేస్త్రీ కటింగు ప్లేయరు తీసుకుని కదిలాడు. దాసు చేతులు చాచి పరంజాకు అడ్డం నిలబడ్డాడు. నెమ్మదైన మనిషి గొంతులోంచి ఎన్నడూ లేని కేక వచ్చింది.

"ఒక్కడు ఎక్కొద్దు! గాలిల తాడు పట్టిన నేను ఒకసారి, గోడ అవతల పడ్డ. బొమ్మ పోతే ఇంకో బొమ్మ కొట్టిచ్చుకోండ్రి మేడం. మనిషి పోతే కొట్టిచ్చుకోనీకె రాదు."

కుర్ర మేస్త్రీ ప్లేయరు కింద పెట్టేశాడు. అందరూ దూరంగా నిలబడి చూస్తుండగా ఫ్లెక్సీ పై అంచు పర్రున చిరిగింది. ఒక మూల, తర్వాత ఇంకో మూల. సీతామహాలక్ష్మిగారు నమస్కారం పెడుతూనే గోడను వదిలి పైకి లేచి, గాల్లో ఒక పల్టీ కొట్టి, సందు దాటి, ఎదుటి కోచింగ్ సెంటరు బోర్డు మీద తలకిందులుగా వాలి, దాని ఇనుపచట్రానికి తగులుకుంది. జావా, పైథాన్ అన్నీ ఆవిడ కిందికి పోయాయి.

పదకొండు నిమిషాల్లో గాలి తగ్గింది. చినుకులు మొదలయ్యాయి. అనుదీప్ పడమటి వైపు గోడబోల్టులు ఒక్కొక్కటే చూశాడు. రెండు ఊడివచ్చాయి, నాలుగు వంగాయి, మిగిలినవి పట్టుకునే ఉన్నాయి. తను మొదట వేసిన లెక్క ప్రకారం అయితే అక్కడ సగమే ఉండేవి. అతను వచ్చి దాసు పక్కన ఇటుకల మీద కూర్చున్నాడు. ఒక్కరికి గీత కూడా పడలేదు. బుచ్చయ్య మాత్రం మగ్దలీనమ్మ దగ్గరికి వెళ్లి, "అక్కా, వచ్చే ఆదివారం సంది పనికి నువ్వు సుత రా" అన్నాడు.

సీతామహాలక్ష్మిగారు ఏడుపు ముఖంతో ఎదుటి మేడ వైపు చూస్తోంది. "నన్ను తలకిందులుగా వేలాడదీశావు కదయ్యా దాసూ" అంటుండగానే ఆవిడ ఫోన్ మోగింది. ఎదుటి కోచింగ్ సెంటరు కిటికీలోంచి ఒకమ్మాయి. పేరు హైందవి అట, వరంగల్ నుంచి వచ్చిందట. "మేడం, మీ నంబరు తలకిందులుగా చదివి చేస్తున్న. ఇద్దరు ఉండే రూములు ఉన్నయా?" ఆ ఫోన్ పెట్టేలోపే ఇంకోటి. వాన వెలిసేసరికి ఆవిడ ముఖం కూడా విప్పారింది. ఇలా ఫ్లెక్సీని ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచితే ఏమవుతుందని అడగబోయి, దాసు చూపు చూసి మానుకుంది. ఆ సాయంత్రమే దాన్ని దింపించి, ప్రహరీ గోడకు చిన్న రేకు బోర్డు కొట్టించింది. దాన్ని నాలుగు మేకులతో దాసే బిగించాడు.

హాస్టల్ దసరాకు కాదు గాని, దీపావళికి తెరిచారు. చర్చిలో పాస్టరుగారు దాసును పిలిచి, ఏడుగురు క్షేమమేనా అని అడిగి, మళ్లీ చరణం ఇస్తామన్నారు. ఆ మధ్య వారాల్లో అదే చరణాన్ని ఆషెర్ అనే కుర్రాడు చక్కగా పాడేశాడని తెలిసి దాసు తనే వద్దన్నాడు. వెనక వరసలో నిలబడితే కిటికీ బాగా కనిపిస్తుందని మగ్దలీనమ్మతో చెప్పాడు.

అనుదీప్ వాళ్ల కంపెనీ అతన్ని అన్ని సైట్లకూ కలిపి నెల జీతం మీద తీసుకుంది. ఇప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఒక పెద్ద కట్టడం అతని చేతిలో ఉంది. మెళ్లో ఈల పక్కన గుర్తింపు కార్డు కూడా వేలాడుతోంది. దాని మీద "వెదర్ సూపర్‌వైజర్" అని రాసి ఉంది. ఆ మాటతోనే కొత్త చిక్కు వచ్చిపడింది. అతను చేసే పని ఏమిటో ఎవరూ అడగరు. వాన ఎప్పుడు పడుతుందని అడుగుతారు. పెళ్లి ముహూర్తాలు పెట్టుకునేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు ఎవరూ వదలరు. తనకేమీ తెలియదని అతనంటే, కార్డు చూపించి నవ్వుతారు.

మొన్న ఎర్రగడ్డ రైతుబజారులో కూరగాయలు అమ్మే రాజమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"దాసన్నా, మిద్దె మీద మిరపకాయలు ఆరవోస్త. వాన వస్తదా, రాదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

దాసు కాసేపు పడమర వైపు చూశాడు. ఏమీ తెలియలేదు.

"ఆరవొయ్యి రాజమ్మా" అన్నాడు. "కింద పరిచిన పట్టాకు నాలుగు మూలల నాలుగు రాళ్లు పెట్టు. గాలి లేస్తే మాత్రం నువ్వు మిద్దె ఎక్కకు. మిరపకాయలు పోతే పోనీ."